ఏనుగు చవకే, మేత సంగతేమిటి?

అక్టోబరు నెల సగం గడిచేసరికి మన తిరుపతి, చిత్తూరు సీమలో వానగాలి మొదలవుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని వార్త వినగానే ఇళ్లలో గొడుగులు, రెయిన్‌కోట్లు బయటికి వస్తాయి. ఆ వానలు డిసెంబరు దాకా విడిచి విడిచి కురుస్తాయి. అవి తెరిపి ఇచ్చేసరికి చలి వస్తుంది. పలమనేరు వైపు తెల్లవారుజామున మొగిలి ఘాటు దిగేవారికి మంచులో ఎదుటి లారీ దగ్గరికి వచ్చేదాకా కనబడదు. ఈ మూడు నాలుగు నెలలూ మోటారు సైకిలు మీద ఉద్యోగానికి పోయి వచ్చేవారి అవస్థ వారికీ, గుమ్మంలో నిలబడి ఎదురుచూసే ఇంటివారికీ తెలుసు.

అందుచేత ఏటా ఈ కాలంలో చదువరుల నుండి మాకు ఒకే విధమైన ప్రశ్న వస్తుంది. "మా చేతిలో మూడు లక్షల రూపాయలున్నవి. కొత్త చిన్న కారు కొనాలంటే అప్పు చేయాలి. అదే డబ్బుకు పాత బెంజి కారు వస్తుందంటున్నారు. పాత స్కోడా అయితే ఇంకా తక్కువకే ఇస్తారట. పిల్లలను కూర్చోబెట్టుకొని వానలో పోవడానికి గట్టి బండి. కొనవచ్చునా?" అని. ఈ నెల ఆ ప్రశ్ననే తీసుకొని, ఇంటి ఖర్చుల లెక్క చూసినట్లుగానే మీతో కూర్చొని చూద్దామనుకొన్నాము.

ఈ కోరికను చూసి నవ్వవలసిన పని లేదు. ఇందులో డాబు కొంత ఉండవచ్చు గాని, న్యాయం కూడా ఉన్నది. మనం ఈనాడు కార్లలో చూసే రక్షణ సాధనాలు చాలావరకు ఐరోపా కంపెనీల ఖరీదైన కార్లలోనే ముందుగా పుట్టాయి. భుజం మీదుగా, నడుము మీదుగా వచ్చే మూడు కొసల సీటు బెల్టును 1959లో స్వీడను దేశపు వోల్వో కంపెనీ తన కార్లలో పెట్టింది. ఎంత గట్టిగా బ్రేకు తొక్కినా చక్రం బిగుసుకొని జారిపోకుండా కాచే ఎ.బి.ఎస్. బ్రేకును 1978లో బాష్ కంపెనీతో కలిసి మెర్సిడెస్ బెంజి తన పెద్ద కారులో తెచ్చింది. తడి రోడ్డు మీద ఆ బ్రేకు విలువ ఎంతో, పాకాల దారిలో వానలో అడ్డం వచ్చిన గొర్రెల మందను చూసి బ్రేకు తొక్కినవారికి చెప్పనక్కరలేదు. బరువైన బండి, బిగువైన తలుపులు, లోపలి అద్దానికి పట్టిన ఆవిరిని క్షణంలో తుడిచివేసే ఏసీ. వీటిని కోరుకొన్న ఇంటి పెద్దను తప్పు పట్టలేము.

మరి అంత మంచి బండి అంత చవకగా ఎందుకు వస్తున్నది? కొనేవారు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఇదే. సంతలో పాడి ఆవును సగం ధరకు ఇస్తామంటే మన రైతు ఏం చేస్తాడు? పళ్లు చూస్తాడు, పొదుగు పట్టి చూస్తాడు, ఎందుకు అమ్ముతున్నావని మూడుసార్లు అడుగుతాడు. ఆవు దగ్గర అంత జాగ్రత్తపడే మనం కారు దగ్గరకు వచ్చేసరికి పైనున్న మెరుపు చూసి మెత్తబడిపోతాము.

చవకకు గల కారణాలు ఒక్కటొక్కటిగా చూద్దాం. మెర్సిడెస్ బెంజి 1995లో టెల్కో సంస్థతో కలిసి పుణెలో కార్లు తయారుచేయడం మొదలుపెట్టింది. స్కోడా 2001లో ఔరంగాబాదుకు వచ్చింది. ఆ ఊరు ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్. 2007లో బి.ఎం.డబ్ల్యు. చెన్నై దగ్గర ఫ్యాక్టరీ తెరిచింది. అలా ముప్పై ఏళ్లుగా ఈ కార్లు మన దేశపు రోడ్ల మీద ఉన్నాయి. వాటిని కొత్తవిగా కొన్నవారు ధనవంతులు. కొన్నేళ్లకే వారు వాటిని వదిలి కొత్తవి కొంటారు. రెండో చేయి, మూడో చేయి మారేసరికి ధర జారిపోతుంది. ఇది మొదటి కారణం. ఇందులో మోసమేమీ లేదు.

రెండవ కారణం ఢిల్లీ. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిలు బండ్లు తిరగరాదని చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల విషయంలో ఆ కట్టడిని నిలబెట్టింది. 2025లో కోర్టు ఆ పట్టును కొంత సడలించింది గాని, ఈ మధ్యకాలంలో అక్కడ విలువ కోల్పోయిన కార్లు ఇతర రాష్ట్రాల దారి పట్టాయి.

మూడవ కారణం నీళ్లు. మన సీమకు ఇది చాలా దగ్గరి సంగతి. 2015 డిసెంబరులో చెన్నై నగరం మునిగినప్పుడు ఇళ్ల కింద నిలిపిన కార్లు ఎన్నో నీటిపాలయ్యాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు మళ్లీ అదే జరిగింది. 2021 నవంబరులో మన తిరుపతే నీట మునిగింది, స్వర్ణముఖి పొంగింది. నీట మునిగి బీమా కంపెనీ వేలంలో అమ్ముడుపోయిన కారు శుభ్రంగా కడిగించుకొని, కొత్త సీటు కవర్లు తొడిగించుకొని, మళ్లీ బజారుకు రావచ్చు. ఖరీదైన ఐరోపా కార్లలో చాలావాటికి చిన్న చిన్న కంప్యూటరు పెట్టెలు సీట్ల కింద, కాళ్ల దగ్గరి కార్పెట్టు కింద ఉంటాయి. వాటిలోకి చేరిన తడి ఆరునెలల తరువాత, ఏడాది తరువాత తన పని చూపిస్తుంది. అప్పటికి అమ్మినవాడు ఫోను ఎత్తడు.

నాలుగవ కారణం, తయారీదారు లేకపోవడం. పాతకాలపువారికి స్టాండర్డ్ 2000 కారు జ్ఞాపకం ఉండవచ్చు. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ 1985లో దానిని తెచ్చింది. పైకి చూస్తే అది ఇంగ్లండులో పేరుపడ్డ రోవరు కారు. 1977లో ఐరోపాలో ఆ సంవత్సరపు ఉత్తమ కారుగా ఎంపికైన మోడలు. లోపల మాత్రం 1940ల నాటి స్టాండర్డ్ వాన్‌గార్డు వంశానికి చెందిన 1991 సి.సి. ఇంజను. ఆ శరీరానికి ఆ గుండె చాలలేదు. పెట్రోలు తాగుతుందని పేరు పడింది. 1988 నాటికే తయారీ ఆగింది. కొన్నవారు విడిభాగాల కోసం తిరగవలసి వచ్చింది. 1990లలో కల్యాణ్‌లో ప్యూజో 309 తయారుచేసిన ఫ్రెంచి కంపెనీ కూడా కొద్ది ఏళ్లకే తప్పుకొన్నది. తల్లి కంపెనీ దేశంలో లేని కారు మరీ చవకగా దొరుకుతుంది. దాని అద్దం పగిలిన రోజున ఆ చవక ఎంతదో తెలుస్తుంది.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని మనవారు అంటారు. అమ్మేవారు ఈ సామెతను ఇష్టంగా చెబుతారు: "ఎంత పాతదైనా బెంజి బెంజే సార్." ఆ సామెతలో మేత సంగతి లేదు. ఏనుగు ముసలిదైతే ధర తగ్గవచ్చు గాని మేత తగ్గదు. ముప్పై, నలభై లక్షలకు అమ్మిన కారు మూడు లక్షలకు దిగినా, దానికి వేసే భాగాలు నలభై లక్షల కారు భాగాలే. వాటి ధర కారు వయసుతోపాటు దిగిరాదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకొంటే మిగిలినదంతా సులువుగా అర్థమవుతుంది.

ముందుగా రోజువారీ మేత చూద్దాం. పాకాల దగ్గర కాపురం, తిరుపతిలో ఉద్యోగం అనుకొందాం. రానుపోను రోజుకు 80 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు, అంటే 2,000 కిలోమీటర్లు. లీటరు పెట్రోలు 110 రూపాయలనుకొందాం. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే చిన్న కారుకు 125 లీటర్లు, 13,750 రూపాయలు. లీటరుకు 8 కిలోమీటర్లిచ్చే పాత పెద్ద కారుకు 250 లీటర్లు, 27,500 రూపాయలు. తేడా నెలకు 13,750. ఏడాదికి 1,65,000 రూపాయలు. రెండేళ్లలో ఈ తేడా ఒక్కటే మీరు కారుకిచ్చిన మూడు లక్షలను దాటిపోతుంది. మీ దారి, మీ కారు వేరైతే ఈ అంకెలు మార్చుకొని లెక్క వేసుకోండి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

పెట్రోలు విషయంలో ఇంకొక మాట. 2025 నుండి మన దేశంలో బంకుల్లో 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు వస్తున్నది. ఇరవై ఏళ్ల నాటి కార్ల రబ్బరు పైపులు, సీళ్లు దానిని దృష్టిలో పెట్టుకొని తయారైనవి కావు. పాత పైపులు మార్పించుకొనే ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. పెట్రోలు వాసన వచ్చే కారును ఒక్కరోజు కూడా నడపకూడదు.

తరువాత బీమా. కారు పాతదైతే బీమా తగ్గుతుందని చాలామంది అనుకొంటారు. సొంత బండికి కట్టే భాగం తగ్గవచ్చు. ఎదుటివారికి నష్టపరిహారం కోసం చట్టప్రకారం తప్పనిసరిగా కట్టవలసిన థర్డ్ పార్టీ బీమా మాత్రం కారు వయసును చూడదు, ఇంజను పరిమాణాన్ని చూస్తుంది. 2022 జూన్ 1న అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సి.సి. లోపు కారుకు ఏడాదికి రూ. 2,094. 1500 సి.సి. దాటిన కారుకు రూ. 7,897. దానిమీద పన్ను వేరు.

పదిహేనేళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషను మళ్లీ చేయించాలి. అది ఐదేళ్లకే చెల్లుతుంది. 2022 ఏప్రిల్ నుండి ఆ రుసుము కారుకు 5,000 రూపాయలు. విదేశం నుండి నేరుగా దిగుమతి అయిన కారైతే 40,000. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025లో దానిని 10,000కు, దిగుమతి కార్లకు 80,000కు పెంచారు. గ్రీన్ ట్యాక్సు దీనికి అదనం. గనుక పద్నాలుగో ఏట ఉన్న కారును మీకు అప్పగించేవారు ఎందుకు తొందరపడుతున్నారో ఊహించవచ్చు.

ఇక మరమ్మతులు. ఈ విషయంలో మన ప్రాంతానికి కొంత మేలు ఉన్నది. బ్యాటరీ మన రేణిగుంట దగ్గర కరకంబాడిలో, 1985లో గల్లా రామచంద్రనాయుడుగారు స్థాపించిన అమరరాజా సంస్థలో తయారవుతున్నది. టైర్లు చిన్నపాండూరులో 2020లో మొదలైన అపోలో ఫ్యాక్టరీలో తయారవుతున్నాయి. బ్యాటరీ, టైర్లు మనకు కొరత కావు. ఆగిపోయేది వేరే చోట.

కొన్ని ఉదాహరణలు చెబుతాము. 1998లో వచ్చిన బెంజి ఎస్-క్లాసు తరానికి స్ప్రింగులకు బదులు గాలి బెలూన్లు పెట్టారు. వాటి రబ్బరు ముదిరి చిల్లిపడితే తెల్లవారి లేచేసరికి కారు కూలబడిన ఎద్దులా నేలకు ఆనుకొని ఉంటుంది. 2002లో వచ్చిన ఇ-క్లాసు తరంలో మొదటి కొన్నేళ్ల కార్లకు కరెంటుతో పనిచేసే బ్రేకు యూనిట్టు పెట్టారు. మనం బ్రేకు ఎన్నిసార్లు తొక్కామో అది లెక్కపెడుతుంది. లెక్క ఒక హద్దు దాటితే ఎర్ర దీపం వెలిగించి, నన్ను మార్చండి అంటుంది. పాత స్కోడా ఆక్టేవియా డీజిలు ఇంజనుకు టైమింగ్ బెల్టు ఉంటుంది. గడువు దాటి అది తెగితే లోపల వాల్వులు వంగి ఇంజనే విప్పవలసి వస్తుంది. పాత ఆటోమేటిక్ గేరుబాక్సు మొరాయిస్తే మన ఊరి షెడ్డులో తెరిచి చూసే ధైర్యం ఏ మెకానిక్కూ చేయడు. ఇవేవీ ఆ కంపెనీల లోపాలని మేము చెప్పడం లేదు. కొత్తలో ఇవన్నీ సౌఖ్యాలే. వయసు మీదపడిన తరువాత ఇవే ఖర్చులు.

అటువంటప్పుడు చాలాసార్లు కారును బండి మీద ఎక్కించి చెన్నైకో బెంగళూరుకో తోలవలసి వస్తుంది. చిత్తూరు నుండి ఏ వైపు పోయినా నూటయాభై కిలోమీటర్ల పైమాటే. చెన్నైలో పుదుపేట బజారు ఉన్నది. విప్పిన కార్ల భాగాలు అక్కడ రాశులుగా దొరుకుతాయి. తలుపు గొళ్లెం, అద్దం, దీపం వంటివి అక్కడ కొనవచ్చు. బ్రేకు, స్టీరింగు, ఎయిర్ బ్యాగు భాగాలు మాత్రం పాతవి కొనకండి. కారు షెడ్డులో ఉన్న ఆ వారం పదిరోజులూ మీరు ఉద్యోగానికి పోయేది ఎలా? మళ్లీ మోటారు సైకిలు మీదనే, మళ్లీ వానలోనే. దేనికోసం కారు కొన్నామో ఆ అవసరం ముంగిటికి వచ్చిన రోజునే అది లేకుండా పోతుంది. మేము అన్నిటికంటె పెద్ద నష్టంగా చూసేది దీనినే.

వాన మాట వచ్చింది గనుక ఒక హెచ్చరిక. పెద్ద కారు గదా, నీళ్లు ఏం చేస్తాయి అనుకోకూడదు. ఈ కార్లు చాలావరకు నేలకు దగ్గరగా ఉంటాయి. ఇంజను గాలి పీల్చే గొట్టంలోకి నీళ్లు పోతే లోపలి రాడ్లు వంగిపోతాయి. నీళ్లలో ఆగిన ఇంజనును మళ్లీ మళ్లీ స్టార్టు చేసి చెడగొట్టుకొంటే మామూలు బీమా పాలసీలు చాలావరకు ఆ నష్టాన్ని భరించవు. డబ్బు సంగతి అలా ఉంచండి. 2021 అక్టోబరులో తిరుపతి వెస్ట్ చర్చి దగ్గర రైలు వంతెన కింద నిలిచిన నీళ్లలో వాహనం చిక్కుకొని కొత్త పెళ్లికూతురు ఒకామె ప్రాణం విడిచింది. వంతెన కింద గాని, వాగు మీది చప్టాపై గాని నీళ్లు పారుతుంటే అది ఏ కంపెనీ కారైనా సరే, వెనుకకు తిప్పండి. ఒక గంట ఆలస్యమైతే ఇంటికి ఫోను చేసి చెప్పవచ్చు.

మరి ఆ రక్షణ సంగతి? గట్టి బండి కావాలన్న కోరిక న్యాయమైనదని మేమే అన్నాము గదా. ఈ విషయంలో చదువరులకు ఒక మంచి వార్త ఉన్నది. ఒకనాడు ధనవంతుల కార్లకే పరిమితమైన ఆ సాధనాలను మన ప్రభుత్వం చట్టం చేసి చిన్న కార్లలోకి తెచ్చింది. 2019 ఏప్రిల్ నుండి దేశంలో అమ్మే ప్రతి కొత్త కారుకూ ఎ.బి.ఎస్. తప్పనిసరి అయింది. అదే సంవత్సరం జూలై నుండి డ్రైవరు ఎదుట ఎయిర్ బ్యాగు తప్పనిసరి. 2022 నుండి ముందు సీట్లు రెండింటికీ ఉండాలి. అంటే 2019 తరువాత తయారైన సెకండ్ హ్యాండు చిన్న కారు కొన్నా ఆ బ్రేకు, ఆ బ్యాగు మీకు దొరుకుతాయి. బెంజి బరువు, బెంజి బిగువు దానికి రాకపోవచ్చు, అది నిజమే. కాని ఇరవై ఏళ్ల కారులో ఎయిర్ బ్యాగు దీపం వెలుగుతూనే ఉన్నా, ఎ.బి.ఎస్. దీపం వెలుగుతూనే ఉన్నా, ఆ సాధనాలు మీకు లేనట్లే లెక్క. పనిచేయని రక్షణకంటె పనిచేసే చిన్న రక్షణ మేలు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. మనవారు బేరం దగ్గర చూపే పట్టుదల కాగితాల దగ్గర చూపరు. కారు కర్ణాటకనుండో తమిళనాడునుండో వస్తే అక్కడి ఆర్టీఓ ఆఫీసు నుండి ఎన్.ఓ.సి. తేవాలి, అది 28వ నంబరు ఫారం. పేరు మార్పుకు 29, 30 ఫారాలు. కారు మీద అప్పు ఉంటే అది తీరినట్టు 35వ ఫారం. కొన్నవారు ముప్పై రోజులలోపు పేరు మార్పించుకోవాలి. ఇతర రాష్ట్రపు నంబరుతో పన్నెండు నెలలకు మించి ఉంచుకోకూడదు. మన రాష్ట్రంలో రిజిస్ట్రేషను చేయించేటప్పుడు ఇక్కడి లైఫ్ ట్యాక్సు కట్టాలి. అది కారు మొదటి ధరను, వయసును బట్టి ఉంటుంది గనుక, బేరానికి ముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. "తరువాత చూసుకోవచ్చు" అన్న బ్రోకరు మాట వినవద్దు.

అమ్మేవారికి కూడా ఇది వర్తిస్తుంది. డబ్బు చేతిలో పడింది, బండి పోయింది అని ఊరుకొంటే ముప్పు ఉన్నది. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టంగా చెప్పింది: ఆర్.సి.లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని. బండి చేతులు మారినా పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారపు బాధ్యత పాత యజమాని మెడకే చుట్టుకొన్నది.

ఇంత చెప్పిన తరువాత, ఈ కార్లు ఎవరికీ పనికిరావా అని అడగవచ్చు. పనికివస్తాయి. ఇంట్లో రోజువారీ పనికి వేరొక బండి ఉన్నవారికి, ఆ కారు నెలరోజులు షెడ్డులో ఉన్నా ఉద్యోగం ఆగనివారికి, ఆ కంపెనీ కారు విప్పి బిగించడం తెలిసిన నమ్మకమైన మెకానిక్కు దగ్గరలో ఉన్నవారికి, కొన్న ధరలో సగమైనా మరమ్మతుల కోసం బ్యాంకులో విడిగా పెట్టుకోగలవారికి అది సంతోషమే. కొందరికి యంత్రాలంటే ప్రీతి. ఆదివారం మధ్యాహ్నం బానెట్టు ఎత్తి చూసుకోవడం వారికి విశ్రాంతి. వారిని ఆక్షేపించము. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా లేని కుటుంబం, ఉన్న మూడు లక్షలూ దాని మీద పెట్టి, దానినే నమ్ముకొని ఉద్యోగానికి పోవాలనుకొంటే మాత్రం వద్దని చెబుతాము.

అలాంటి కారు చూడబోయేవారికి కొన్ని సూచనలు. ఉదయం, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడండి. తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద ఎచ్చరిక దీపాలన్నీ వెలిగి, ఇంజను నడిచిన తరువాత ఆరిపోవాలి. అసలే వెలగకపోతే బల్బు పీకేశారని అనుమానించాలి. సీటు బెల్టును చివరికంటా లాగి చూడండి. మునిగిన కారైతే అక్కడ బురద చార కనబడుతుంది. సీట్ల కింది బోల్టులకు తుప్పు, కార్పెట్టు కింద మట్టి, మూసిన వాసన ఉన్నాయేమో చూడండి. ప్రభుత్వపు పరివాహన్ సైటులో నంబరు కొట్టి ఆర్.సి., అప్పు, బీమా వివరాలు సరిచూడండి. ఆ కంపెనీ స్కానరు ఉన్న షెడ్డుకు తీసుకుపోయి, కారు కంప్యూటరులో దాగిన లోపాలన్నిటినీ కాగితం మీద తీయించండి. ఇందుకు ఒప్పుకోని అమ్మకందారుతో బేరం అక్కడితో ముగించండి.

ఇక్కడ సంఘాల పెద్దలకు ఒక మాట. కొన్ని చోట్ల సంఘకాపరికి కారు ఇవ్వాలన్న మంచి మనసుతో, స్తోమత గలవారు తాము వాడి విడిచిన పెద్ద కారును కానుకగా ఇస్తారు. నాలుగు ఊళ్లు తిరిగి పరిచర్య చేసే పల్లెటూరి కాపరి జీతం ఆ కారు మేతకు చాలదు. వద్దనలేడు, నడపలేడు. చివరకు అది పాస్టరుగారి ఇంటి ముందు వేపచెట్టు కింద ఆకులు రాలించుకొంటూ నిలబడి ఉంటుంది. చూసేవారు మాత్రం అయ్యగారికి బెంజి కారున్నదని చెప్పుకొంటారు. ఇచ్చేవారు దానిని అమ్మి, ఆ డబ్బుతో చిన్న కారు కొని, మొదటి ఏడాది పెట్రోలు, బీమా కూడా కలిపి ఇస్తే అది నిజమైన సహాయం.

కారు లేకుండా ఈ వానాకాలం గడిచే దారి ఉన్నదా అని కూడా చూడండి. పాకాల జంక్షను నుండి తిరుపతికి రైలున్నది. చిత్తూరు, తిరుపతి మధ్య ఆర్టీసీ బస్సులున్నాయి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం కింద మన రాష్ట్ర స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టిక్కెట్టు లేదు. ఇంట్లో తల్లి గాని, కుమార్తె గాని ఉద్యోగానికి, కాలేజీకి పోతుంటే ఆ ఖర్చు తగ్గినట్లే. ఒకే ఆఫీసుకు పోయే ముగ్గురు కలిసి ఒక చిన్న కారులో పోతూ పెట్రోలు పంచుకోవచ్చు. వాన ముదిరిన పది పదిహేను రోజులు ఇలా గడిపి, మిగిలిన రోజులు మోటారు సైకిలు మీద పోవడం చిన్నతనమేమీ కాదు.

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చొని ఖర్చు లెక్క చూసుకోవాలన్న ఉపమానం లూకా సువార్త 14వ అధ్యాయంలో మనకు తెలిసినదే. కారు విషయంలో ఆ కూర్చోవడం ఇంటి యజమాని ఒక్కడే చేయకూడదు. భార్యాభర్తలిద్దరూ కూర్చోవాలి, చదువుకొనే పిల్లలుంటే వారినీ కూర్చోబెట్టుకోవాలి. ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాయండి: నెలకు పెట్రోలు, ఏడాదికి బీమా, పన్నులు, మరమ్మతులకు విడిగా ఉంచవలసిన సొమ్ము, కారు ఆగిన రోజున ప్రయాణానికయ్యే ఖర్చు. వాటి పక్కన పాప ఫీజు, పెద్దవారి మందులు, పొలం మీది బాకీ రాయండి. రెండు వరుసలూ ఒకే జీతంలో ఇమిడితే ఏ కారైనా కొనండి, సంతోషంగా తిరగండి. ఇమడకపోతే బ్రోకరుకు అడ్వాన్సు ఇవ్వకముందే ఆ సంగతి తెలిసినందుకు దేవునికి వందనాలు చెప్పుకోండి. వానలు ఇంకా కొన్ని వారాల దూరంలో ఉండగానే ఆ కాగితం పని ముగించండి.